చిన్నప్పుడు మతి చెదిరిన పిల్లలు పెద్దయ్యాక ఏమవుతారు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాట్లాడమని కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు "ఆరోగ్యం గురించి ఏదైనా చెప్పండి డాక్టరు గారూ, షుగరో బీపీనో" అన్నారు. ఈ హాల్లో నెరిసిన తలలు చూస్తుంటే ఆయన అడిగింది న్యాయమే అనిపిస్తోంది. కానీ నేను మానసిక వైద్యుణ్ణి. ఊళ్లో వాళ్ల భాషలో పిచ్చి డాక్టర్ని. షుగర్ గురించి మీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. ఈ వేదిక మీద నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరనిపించిన విషయం ఒకటుంది. అది మన బడిలోనే, మా తరగతి గదిలోనే మొదలైంది.

1975. ఈ సంఘం పుట్టిన ఏడాది. నేను ఏడో తరగతి. మూడో బెంచీలో నా పక్కన ఒక కుర్రాడు కూర్చునేవాడు. పేరు చెప్పను. మా బ్యాచ్ వాళ్లు ఎలాగూ గుర్తుపడతారు. అందుకే ఈ ప్రసంగం ఒప్పుకునే ముందు అతని చెల్లెలినీ అతన్నీ అడిగి, సరేనన్నాకే వచ్చాను.

లెక్కల్లో అతని తర్వాతే ఎవరైనా. మాస్టారు బోర్డు మీద లెక్క రాసి సుద్దముక్క కింద పెట్టేలోపల జవాబు చెప్పేవాడు. సాయంత్రం చెడుగుడులో మా జట్టుకు అతనే బలం. ఆ ఏడాది దసరా సెలవుల తర్వాత నెమ్మదిగా మనిషి మారాడు. ముందు ఆటకు రావడం మానేశాడు. తర్వాత మాట తగ్గింది. తలకు నూనె లేదు, స్నానం లేదు. నోటు పుస్తకంలో ముత్యాల్లాంటి అక్షరాలు గీతలైపోయాయి. ఒకరోజు నా చెవిలో "హెడ్మాస్టారి గదిలో రేడియో నా పేరు చెబుతోంది, విన్నావా?" అన్నాడు. నేను నవ్వాను. వాడు నవ్వలేదు. తనలో తాను గొణుక్కోవడం మొదలుపెట్టాడు.

ఆ గొణుగుడును నేను అనుకరించేవాణ్ణి. ఇంటర్వెల్లో బెంచీ ఎక్కి, కళ్లు పైకి తిప్పి, పెదాలు కదిపేవాణ్ణి. క్లాసంతా పగలబడి నవ్వేది. అతను కూడా అక్కడే ఉండేవాడు. యాభై ఏళ్లుగా ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

పొగరనుకుని ఒక మాస్టారు బెత్తం విరిగేలా కొట్టారు. తర్వాత వాళ్ల నాన్నగారిని పిలిపించి "కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకోండి" అన్నారు. సంక్రాంతి నాటికి అతని చోటు ఖాళీ. హాజరుపట్టీలో అతని పేరు మీద ఎర్రసిరాతో గీత పడింది. నేనిక్కడ ఎవరినీ తప్పుపట్టడానికి రాలేదు. ఆ రోజుల్లో వాళ్లకు ఆ జబ్బు సంగతి తెలియదు. కొంతైనా తెలిసిన ఈ రోజుల్లో మనం ఏం చేస్తున్నామన్నదే నా ప్రశ్న.

ఆ జబ్బు పేరు స్కిజోఫ్రీనియా. లేని మాటలు వినిపించడం, లేని శత్రువులు కనిపించడం, ఎవరెన్ని రుజువులు చూపినా పోని నమ్మకాలు, ఆలోచన తెగిపోవడం, వీటన్నిటినీ కలిపి సైకోసిస్ అంటాం. స్కిజోఫ్రీనియా సైకోసిస్‌లలో ఒకటి. సాధారణంగా ఇది పదిహేను పదహారేళ్లు దాటాక, ఎక్కువగా ఇరవైల్లో మొదలవుతుంది. పద్దెనిమిదేళ్ల లోపు వస్తే తొందరగా వచ్చినట్టు, పదమూడేళ్ల లోపు వస్తే బాల్యంలో వచ్చినట్టు లెక్క. పదమూడేళ్ల లోపు రావడం చాలా అరుదు. వేల మందిలో ఒకరికి కూడా రాదు. చాలామంది టీచర్లు తమ ఉద్యోగ జీవితమంతా ఒక్క కేసు కూడా చూడకపోవచ్చు. మా తరగతి చూసింది.

అరుదు కాబట్టి రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, ఉన్నదాన్ని గుర్తించకపోవడం. రెండోది, లేనిదాన్ని ఉందనుకోవడం. ముందు రెండోదాని గురించి చెబుతాను, ఎందుకంటే ఇక్కడ తాతలూ అమ్మమ్మలూ ఉన్నారు. ఎవరూ లేకపోయినా మాటలు వినిపించాయని చెప్పే పిల్లలు మీరనుకునే దానికంటే ఎక్కువ. అనేక దేశాల సర్వేలను కలిపి చూస్తే, తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లల్లో దాదాపు 17 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు అలాంటి అనుభవం చెప్పారు. పదమూడు దాటాక అది దాదాపు 7.5 శాతానికి పడిపోతుంది. అంటే చాలామందిలో దానంతటదే పోతుంది. మనవరాలు ఊహల్లో స్నేహితురాలితో మాట్లాడుతోందని కంగారుపడి నా దగ్గరికి తీసుకురాకండి. చదువు, ఆట, నిద్ర, తిండి మామూలుగా ఉంటే ఆ మాటలకు అంత ప్రాముఖ్యం లేదు.

ఇంకా కొన్ని జబ్బులు ఈ వేషం వేసుకుని వస్తాయి. మూర్ఛలో కొన్ని రకాలు. రాగి కాలేయంలోనూ మెదడులోనూ పేరుకుపోయే విల్సన్ వ్యాధి. చిన్నప్పుడు తట్టు పోసిన పిల్లల్లో కొందరికి ఏళ్ల తర్వాత మెదడును తినేసే ఎస్.ఎస్.పి.ఇ. ఒంట్లోని రోగనిరోధక శక్తే మెదడు మీద తిరగబడే ఒక రకం మెదడువాపును 2007లో గుర్తించారు. అప్పటిదాకా ఆ పిల్లల్లో కొందరిని మానసిక రోగులనే అనుకునేవారు. సరైన మందు సమయానికి పడితే వారిలో చాలామంది కోలుకుంటారు. అందుకే పిల్లల్లో సైకోసిస్ కనిపిస్తే మొదట నరాల పరీక్ష, రక్తపరీక్ష, అవసరమైతే స్కానింగు, ఈఈజీ చేయించాలి. అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో డాక్టర్ జుడిత్ రాపొపోర్ట్ నాయకత్వంలో 1990 నుంచి ఈ పిల్లల మీద పెద్ద అధ్యయనం జరిగింది. దేశం నలుమూలల నుంచి స్కిజోఫ్రీనియా అని పంపిన పిల్లల్లో ఎక్కువమందికి అది కాదని తేలింది. ఆస్పత్రిలో ఉంచుకుని, మందులు ఆపి, ఓపిగ్గా గమనించాక కూడా కొందరి విషయంలో రోగనిర్ణయం మారింది. అంతటి నిపుణులే అంత జాగ్రత్త పడుతుంటే, మనం పేరు పెట్టడానికి తొందరపడకూడదు.

సరే, నిజంగా ఆ జబ్బే అయితే పెద్దయ్యాక ఏమవుతుంది? తల్లిదండ్రులు నా గదిలో కూర్చుని మొదట అడిగేది ఇదే. "డాక్టరు గారూ, మావాడు మళ్లీ మామూలు మనిషి అవుతాడా?"

దీనికి జవాబు వెతికినవాళ్లలో జర్మనీకి చెందిన డాక్టర్ క్రిస్టియన్ ఎగ్గర్స్ ఒకరు. ఏడు నుంచి పద్నాలుగేళ్ల మధ్య స్కిజోఫ్రీనియా మొదలైన 44 మందిని సగటున 42 ఏళ్ల తర్వాత మళ్లీ పరిశీలించారు. ఫలితాలు 1997లో అచ్చయ్యాయి. నలుగురిలో ఒకరు పూర్తిగా కోలుకున్నారు. ఇంకొకరు కొంతవరకు కోలుకున్నారు. మిగిలిన ఇద్దరిలో జబ్బు దీర్ఘకాలం మిగిలిపోయింది. అప్పట్నుంచి వెనక్కి లెక్కేస్తే, వాళ్లలో చాలామందికి జబ్బు వచ్చిన కాలానికి సైకోసిస్ మందులు ఇంకా లేవు, లేదా అప్పుడప్పుడే వస్తున్నాయి. మొదటి మందు క్లోర్‌ప్రోమజీన్ వాడకంలోకి వచ్చింది 1952లో.

మందులు వచ్చాక బొమ్మ మారిందా? కొంత మారింది, అనుకున్నంత మారలేదు. 2012లో 21 అధ్యయనాలను, 716 మంది రోగులను కలిపి చేసిన సమీక్ష ఒకటి వచ్చింది. పద్దెనిమిదేళ్ల లోపు స్కిజోఫ్రీనియా వచ్చినవారిలో సుమారు 15 శాతం మంది బాగున్నారు, 24 శాతం మంది మధ్యస్థంగా ఉన్నారు, 60 శాతం మంది పరిస్థితి బాగాలేదు. స్కిజోఫ్రీనియా కాక ఇతర సైకోసిస్‌లు వచ్చిన పిల్లలను కూడా కలిపి లెక్కించిన చోట ఫలితాలు ఇంతకంటే మెరుగ్గా ఉన్నాయి. మన దేశంలో నాలుగైదు రోజుల్లో హఠాత్తుగా ఉప్పెనలా వచ్చి, కొన్ని వారాల్లో పూర్తిగా పోయే సైకోసిస్ ఎక్కువే చూస్తాం. అలాంటి పిల్లలు మళ్లీ బడికి వెళ్లి, డిగ్రీలు చదివి, పెళ్లి పిలుపుకు నా దగ్గరికి వచ్చినవారున్నారు.

కాబట్టి "పిల్లల్లో సైకోసిస్" అనగానే ఒకే తలరాత అనుకోవద్దు. కొన్ని గుర్తులు దారి చెబుతాయి. హఠాత్తుగా వచ్చినది నెమ్మదిగా వచ్చినదానికంటే మేలు. నెలల తరబడి తెలియకుండా పాకుతూ వచ్చినది, మరీ చిన్న వయసులో వచ్చినది ఎక్కువ బాధిస్తుంది. జబ్బు రాకముందు స్నేహాలు, చదువు, ఆటలు బాగా ఉన్న పిల్లవాడికి మళ్లీ లేచే బలం ఎక్కువ. ఇవి మన చేతిలో లేనివి.

మన చేతిలో ఉన్నవాటిలో మొదటిది కాలం. జబ్బు మొదలైన రోజుకూ, మొదటి మందు పడిన రోజుకూ మధ్య ఎంత ఎడం ఉంటే తర్వాత అంత కష్టం. నా మిత్రుడి విషయంలో ఆ ఎడం మూడేళ్లు. గాలి సోకిందన్నారు. తాయెత్తులు కట్టారు. ఒక భూతవైద్యుడు వేపమండలతో కొట్టాడు. ఎకరం పొలం అమ్ముడుపోయింది. పదిహేనో ఏట విశాఖపట్నం తీసుకెళ్తే గానీ మందు పడలేదు. గుడికీ దర్గాకూ వెళ్లవద్దని నేను ఎవరికీ చెప్పను. మొక్కు మొక్కండి, మందూ వేయండి అంటాను. గొలుసు మాత్రం వద్దు. 2001లో తమిళనాడులోని ఏర్వాడిలో గుడిసె అంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక కాలిపోయారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

రెండోది, మందు మానకపోవడం. తగ్గిందనుకుని ఇంట్లోవాళ్లే ఆపేస్తారు. కొన్ని నెలల్లో జబ్బు తిరగబడుతుంది. తిరగబడిన ప్రతిసారీ మనిషి మెట్టు దిగుతాడు. మా మిత్రుడికి నెలకోసారి ఇంజక్షన్ ఇచ్చేవారు. నాన్నగారు పోయాక బస్సెక్కించి తీసుకెళ్లేవాళ్లు లేక అది ఆగింది. ఆ తర్వాత ఏడేళ్లు అతనికి చీకటి కాలం. మామూలు మందులకు లొంగని జబ్బుకు క్లోజపీన్ అనే మందు ఉంది. పిల్లల్లో కూడా అది మిగతావాటికంటే బాగా పనిచేస్తుందని 1990లలోనే పరీక్షించి చూశారు. తెల్ల రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి మొదట్లో వారం వారం రక్తపరీక్ష చేయించాలి. ఒళ్లు వస్తుంది, షుగర్ రావచ్చు. కార్యదర్శి గారూ, చూశారా, చివరికి షుగర్ దగ్గరికే వచ్చాను. ఈ రోగులు మామూలువాళ్లకంటే చాలా ఏళ్లు ముందే చనిపోతారు. ఆత్మహత్యలు ఒక కారణమైతే, ఎవరూ పట్టించుకోని గుండె, షుగర్, పొగతాగడం అంతకంటే పెద్ద కారణం.

మూడోది ఇల్లు. తిట్లు, సాధింపులు, ఎత్తిపొడుపులు ఎక్కువగా ఉన్న ఇంట్లో జబ్బు తరచుగా తిరగబడుతుందని పరిశోధనలు గట్టిగా చెబుతున్నాయి. మద్రాసులో 1980ల మొదట్లో తొలిసారి జబ్బుపడిన 90 మందిని పదేళ్లు, ఇరవై ఏళ్లు వెంట ఉండి గమనించారు. 1984లో డాక్టర్ శారదా మీనన్ స్థాపించిన స్కార్ఫ్ సంస్థకు చెందిన డాక్టర్ ఆర్. తార బృందం చేసిన పని అది. వాళ్లు పెద్దవయసు రోగులు, పిల్లలు కారు. అయినా పదేళ్ల తర్వాత ఎక్కువమందిలో లక్షణాలు బాగా తగ్గాయి. దాదాపు అందరూ ఇంట్లోవాళ్లతోనే ఉన్నారు. మన దగ్గర ఆస్పత్రి మంచం దొరకకపోయినా ఇంట్లో మంచం ఉంటుంది. ఆ మంచం పక్కన ఉండే మనిషి సాధారణంగా తల్లి, తర్వాత అక్కో చెల్లెలో. ఆమె గురించి ఏ సంచికలోనూ ఎవరూ రాయరు.

నాలుగోది బడి. ఇది మీకోసం, ముఖ్యంగా ఇప్పుడు పాఠాలు చెబుతున్న టీచర్ల కోసం. ఇంత చిన్న వయసులో వచ్చే జబ్బు తీసుకుపోయేది ఆరోగ్యాన్ని మాత్రమే కాదు. ఇరవై అయిదేళ్లకు జబ్బుపడినవాడికి అప్పటికే ఒక డిగ్రీ, ఒక పని, నలుగురు స్నేహితులు ఉంటారు. జబ్బు తగ్గాక తిరిగి పట్టుకోవడానికి ఒక కొమ్మ ఉంటుంది. పన్నెండేళ్లకు జబ్బుపడినవాడికి ఏముంటుంది? చదువు ఏడో తరగతి, స్నేహితులు మేము. మేము బెంచీ ఎక్కి నవ్వాం. తర్వాత ముప్పై ఏళ్లకు మందుతో కోలుకున్నా అతను తిరిగి వెళ్లడానికి చోటేది?

చురుగ్గా ఉన్న పిల్లవాడు కొన్ని నెలల్లో చదువులో పడిపోయి, స్నేహితులకు దూరమై, శుభ్రత మానేసి, నిద్రపోక, తనలో తాను మాట్లాడుకుంటూ, అందరూ తన గురించే అనుకుంటున్నారని భయపడుతుంటే, బెత్తం పక్కన పెట్టండి. వీటిలో ఒక్కటి ఉంటే ఏమీ కాకపోవచ్చు. కలిసి ఉంటే తల్లిదండ్రులను పిలిచి, నెమ్మదిగా చెప్పి, డాక్టరు దగ్గరికి పంపండి. పెద్ద క్లాసుల్లో అయితే గంజాయి సంగతి కూడా కనుక్కోండి. లేత వయసులో గంజాయి ఈ జబ్బు ముప్పును పెంచుతుంది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి. 2022లో మొదలైన టెలీ మానస్ అది. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

చట్టాలు కూడా అప్పటిలా లేవు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్ణీ బడి నుంచి తీసేయకూడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని వైకల్యాల జాబితాలో మానసిక వ్యాధి కూడా ఉంది. 40 శాతం ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటే పద్దెనిమిదేళ్ల వరకు ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ఏడాది పోతే పోనివ్వండి. రోజుకు రెండు గంటలే కూర్చోగలిగితే రెండు గంటలే కూర్చోనివ్వండి. అదీ కుదరకపోతే ఓపెన్ స్కూల్లో చేర్పించండి. హాజరుపట్టీలో పేరు మాత్రం కొట్టేయకండి.

ఇక నా మిత్రుడి సంగతి. 2000 ప్రాంతంలో క్లోజపీన్ మొదలుపెట్టాక అతను తేరుకున్నాడు. ఇప్పుడు చెల్లెలి ఇంట్లో ఉంటున్నాడు. పొద్దున్నే పాలకేంద్రానికి వెళ్లి క్యాన్లు కడుగుతాడు. పాలు పోసేవాళ్లు వరసగా కొలతలు చెబుతుంటే అక్కడి గుమస్తా క్యాలిక్యులేటర్ నొక్కేలోపల మొత్తం ఎంతో ఇతను చెప్పేస్తాడట. మాటలు ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపిస్తాయి. "ఏం చేస్తావురా అప్పుడు?" అని అడిగాను. "వాళ్ల పని వాళ్లది, నా పని నాది" అన్నాడు. పెళ్లి లేదు, ఆస్తి లేదు, సర్టిఫికెట్టు లేదు. పరిశోధనా పత్రంలో అతన్ని ఏ గడిలో వేస్తారో నాకు తెలుసు. "బాగాలేదు" అనే గడిలో. నలభై ఏళ్లు ఆ గడులు నింపినవాడిగా చెబుతున్నాను, ఆ గడిలో కూడా మనుషులు బతుకుతారు. ఆ బతుకు ఎలా ఉంటుందన్నది సగం జబ్బు మీద, సగం చుట్టూ ఉన్నవాళ్ల మీద ఆధారపడుతుంది.

కిందటి నెల అతన్ని చూడడానికి వెళ్లాను. బెంచీ మీద నేను చేసిన పని గుర్తుచేసి, తప్పైపోయిందిరా అన్నాను. కాసేపు చూసి "నువ్వు సరిగ్గా చేసేవాడివి కాదు, నేనలా కళ్లు తిప్పేవాణ్ణి కాదు" అన్నాడు. క్షమించాడో లేదో నాకు తెలియదు. అడగలేదు. అతని చెల్లెలు టీ ఇస్తూ "అన్నయ్యగారూ, సంఘంవాళ్లు పాత విద్యార్థుల జాబితా వేస్తున్నారట కదా, మా అన్నయ్య పేరు ఉంటుందా?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపల అతనే అందుకున్నాడు. "ఉపన్యాసంలో నా పేరు చెప్పకు. పుస్తకంలో వేయించు."

సంచికలో బ్యాచ్‌ల వారీ జాబితా అచ్చు కాబోతోంది. కమిటీవారు పదో తరగతి పాసైనవాళ్ల రికార్డు నుంచి తయారుచేశారు. మా బ్యాచ్‌లో 41 పేర్లు ఉన్నాయి. అతని పేరు లేదు. అతనిదే కాదు, తండ్రి చనిపోయి ఎనిమిదిలో పొలానికి వెళ్లినవాళ్లు, పెళ్లి చేసి తొమ్మిదిలో మాన్పించిన ఆడపిల్లలు, ఎవరి పేర్లూ లేవు. వాళ్లు కూడా ఈ బడి ప్రార్థనలో నిలబడ్డవాళ్లే. బడిలో అడ్మిషన్ రిజిస్టర్లు ఉన్నాయి. బడిలో చేరిన ప్రతి ఒక్కరి పేరూ జాబితాలోకి ఎక్కించమని కమిటీని కోరుతున్నాను. అప్పుడు ఎవరు ఎందుకు మానేశారో ఎవరూ వెతకరు. అందరి మధ్యలో అతని పేరూ ఉంటుంది. రిజిస్టర్లు చూసి పేర్లు ఎత్తి రాసే పని నాకు అప్పగించండి. రిటైరైనవాణ్ణి, తీరిక ఉంది.